మెట్టు మీది పాప

పిల్లలెవరైనా ఎదురుపడితే చాలు, ఉబల్దీనా బొటనవేలి కొనను నాలుకకు తాకించి వాళ్ళ బుగ్గ తుడిచేది. మామిడి రసమో, సిరానో, చీమిడో ఏదో ఒకటి ఉండేది. ఏమీ లేకపోయినా తుడిచేది. అలవాటైన పిల్లలు ఆమెను చూడగానే ఆగి ముఖం పైకెత్తి నిలబడేవారు.

మా పేట గ్రంథాలయంలో పిల్లల గది ఆమెది. మొదట నేల తుడవడానికి చేరింది. నది పక్క ఊరి నుంచి బర్రంకీయా పట్నానికి వచ్చి, కొన్నేళ్ళు ఒక పెద్దింట్లో వంట చేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చింది. పిల్లల గది చూసుకునే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ చోటికి ఎవరినీ పంపలేదు. ఒక మధ్యాహ్నం ఉబల్దీనా చీపురు మూల నిలబెట్టి ఆ చిన్న కుర్చీల మధ్య కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. బడిలో పంతులమ్మను పిలిచినట్టే పిల్లలు ఆమెను సెన్యో అన్నారు. పిల్లలను చూసి తల్లులూ అలాగే అన్నారు. ఆ పిలుపు మొదటిసారి విన్న రోజు ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకున్నానని తనే నవ్వుతూ చెప్పేది.

ఆమెకు పిల్లలు లేరు. భర్త ఒకప్పుడు ఉండేవాడు.

గ్రంథాలయం గోడ మీద నీలి అక్షరాలతో ఒక నియమం రాసి ఉంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా లోపల ఉండరాదు. ఆ అక్షరాల కిందే తల్లులు పిల్లలను దింపి వెళ్ళేవారు. కొందరిది కుట్టుపని, కొందరిది చేపల బజారు, కొందరిది ఎవరింట్లోనో ఇస్త్రీ. గ్రంథాలయానికి తలుపు ఉంది, ఫ్యాను ఉంది, ఉబల్దీనా ఉంది.

"సెన్యో, ఇవాళ ఆరింటికల్లా వచ్చేస్తాను."

"నిన్నా ఆరే అన్నావు. దీపాలు పెట్టాక వచ్చావు."

"బస్సు ఆలస్యం సెన్యో."

"బస్సుకేం పాపం, నోరు లేదు. ఎన్ని నిందలైనా మోస్తుంది."

గ్రంథాలయాధికారి దోన్ రెగులో అప్పుడప్పుడు గది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకునేవాడు. "ఇది లైబ్రరీ ఉబా, కోళ్ళగూడు కాదు."

"కోళ్ళయితే బొమ్మల పుస్తకం తిరగేయవు దోన్ రెగులో."

ఆయన గోడ మీది నియమం వైపు చూసి తన గదిలోకి వెళ్ళిపోయేవాడు. గోడ మీద రాసి ఉందన్నది ఆయనకు చాలు.

ఆమెకు మాత్రం ఒక్కటే గర్వం. నా చేతిలో ఒక్క పిల్లకైనా గీత పడిందా, అని అడిగేది. పడలేదు. పేటంతా ఆ మాట ఒప్పుకునేది.

గ్రంథాలయం ముందున్న వీధి పల్లం. వాన పడితే పై పేటల నీళ్ళన్నీ ఆ వీధిలోకి దిగి ఏరవుతాయి. ఆ ఏరు కార్లను తోసుకుపోయిన రోజులున్నాయి. అందుకని మబ్బు పడితే పట్నంలో ఎవరూ పని ముగిసేదాకా ఆగరు. కొట్లు మూస్తారు, బళ్ళు వదిలేస్తారు, మంగలి సగం తల గొరిగి మిగతాది రేపంటాడు. చినుకు పడకముందే ఎవరి ఒడ్డుకు వాళ్ళు చేరాలి. మబ్బు చూసి ముందుగా తలుపు మూసేవాడే మా దగ్గర మంచి యజమాని. గ్రంథాలయమూ అంతే. ఆకాశం నల్లబడితే ఉబల్దీనా పిల్లలను ఇళ్ళకు తోలేది. అది జాగ్రత్తేనని ఆమె అనుకుంది. అందరమూ అనుకున్నాం.

అక్టోబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం దక్షిణం వైపు ఆకాశం నల్లబడింది. దోన్ రెగులో అప్పటికే గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఉబల్దీనా చప్పట్లు కొట్టింది.

"లేవండి, లేవండి. మబ్బు ముక్కు మీదికి వచ్చింది. నాన్న వస్తాడు, తాత వస్తాడు అని కూర్చోకండి. ఏరు ఎవరికీ చుట్టం కాదు."

పిల్లలు ఒక్కొక్కరే గుమ్మం దాటారు. ఒక్కొక్కరి బుగ్గా తుడిచింది. చివర మర్యూరిస్ మిగిలింది. ఆ పిల్లకు ఆరేళ్ళు. తల్లి అరెలీస్ బడి దుస్తులు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. ఇల్లు గ్రంథాలయం వెనక సందులో. అంతకు ముందు వారం ఈ పిల్ల చెప్పకుండా ఎవరితోనో వెళితే అరెలీస్ సందులన్నీ వెతికింది.

"సెన్యో, అమ్మ వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలొద్దంది. ఎవరు చెప్పినా కదలొద్దంది."

"మీ అమ్మ మబ్బు చూడకముందు అంది. చూసి ఉంటే పరిగెత్తమనేది. పో, పక్కింటి పిల్లలతో పో. వాళ్ళింట్లో కూర్చో."

పాప ముఖం పైకెత్తింది. ఉబల్దీనా తుడిచింది. పాప సంచీ తగిలించుకుని మిగతా పిల్లల వెనకే సందు వైపు నడిచింది.

ఉబల్దీనా తాళం వేసి వీధి దాటింది. ఆమె ఇల్లు అవతలి వైపు. మలుపు దగ్గర ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

గ్రంథాలయం మెట్టు మీద పాప కూర్చుని ఉంది. వెనక్కి వచ్చేసింది. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టే కూర్చుంది. పాప కూడా ఆమెను చూసింది.

తిరిగి వెళ్ళి తలుపు తీసి పాపతో కూర్చుంటే, వాన వచ్చిందంటే రాత్రిదాకా ఆ ఒడ్డునే ఉండిపోవాలి. వెళ్ళకపోతే, తల్లి ఎలాగూ వస్తుంది. ఆలస్యంగా వచ్చినా రోజూ వస్తూనే ఉంది. ఉబల్దీనా చేతి మీద ఒక చినుకు పడింది. ఆమె మలుపు తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చిన వాన గురించి చెప్పడానికేమీ లేదు. ఆ సంవత్సరపు పెద్ద వానల్లో అదొకటి.

అరెలీస్ షెడ్డు నుంచి బస్సులో వచ్చి ఏటికి ఉబల్దీనా ఉండే ఒడ్డున దిగింది. ఉబల్దీనా ఇంటి తలుపు కొట్టింది. ఒళ్ళంతా నీళ్ళు. ఒక చెప్పు లేదు. వసారాలో వాన ఆగాలని చూస్తున్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు.

"సెన్యో, పాప?"

"పంపించాను" అంది ఉబల్దీనా. "అందరితో పాటు పంపించాను. పక్కింటి పిల్లలతో వెళ్ళింది."

"వెళ్ళడం చూశారా?"

"చూశాను."

ఆ మాట నోటి నుంచి మంచినీళ్ళలా వచ్చింది. అరెలీస్ ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఆమె పైనున్న వంతెన దాకా వెళ్ళాలి, ఏరు దాటాలి, మళ్ళీ కిందికి నడవాలి, తమ సందుకు చేరి పక్కింటి తలుపు కొట్టాలి. అంతసేపూ పాపను తప్పుడు చోట వెతకబోతోంది.

వసారాలో ఎవరో అన్నారు, "సెన్యో ఉంది కాబట్టి సరిపోయింది. వీళ్ళు కని వదిలేస్తారు."

ఉబల్దీనా లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. కాసేపటికి లేచి, బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ లాగి తల మీద కప్పుకుని, మలుపు దాకా వెళ్ళింది.

మెట్టు కనిపించలేదు. మెట్టున్న చోట ఎర్రటి నీళ్ళు తిరుగుతున్నాయి. కిటికీ ఊచలను రెండు చేతులతో చుట్టుకుని పాప వేలాడుతోంది. నడుము దాకా నీళ్ళు. సంచీ ఇంకా భుజానికే ఉంది. పాప ఏడవడం లేదు.

ఉబల్దీనా అరిచింది. ఆ గొంతు ఆమెదని ఎవరూ గుర్తుపట్టలేదట. విల్ఫ్రీదో విన్నాడు. అతన్ని అందరూ జెల్ల అంటారు. నీళ్ళు మోకాటి లోతులో ఉన్నప్పుడు చక్రాల బల్ల మీద జనాన్ని ఏరు దాటించి చిల్లర తీసుకోవడం అతని పని. ఆ రోజు బల్ల పనికిరాదు. నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస కరెంటు స్తంభానికి కట్టించి, దిగాడు. పాప చేతులు ఊచల నుంచి విడదీయడానికి చాలాసేపు పట్టింది. మోచేతుల దగ్గర చర్మం ఊచలకే ఉండిపోయింది.

పాప బతికింది. ఆ సాయంత్రం నుంచే పేట కథ తయారైంది. తల్లి వదిలేసింది. జెల్ల తెచ్చాడు. చూసింది మాత్రం ఉబల్దీనా. ఆమె కన్ను పడకపోతే పాప నదిలో తేలేది.

అరెలీస్ ఉండే సందు మొదట్లో పొద్దున్నే దాల్గీస్ నూనె మూకుడు పెడుతుంది. గుడ్డు కూరిన మొక్కజొన్న రొట్టెలు, జున్ను చుట్టిన వేపుళ్ళు. పనులకు వెళ్ళేవాళ్ళంతా అక్కడ వరసలో నిలబడతారు. మర్నాడు ఉబల్దీనా వరస చివర నిలబడితే దాల్గీస్ ముందుకు పిలిచి చేతిలో వేడి రొట్టె పెట్టింది.

"ఇవాళ నీ దగ్గర డబ్బు తీసుకుంటే నా చెయ్యి కాలిపోతుంది. తిను."

"నేనేం చేశానే."

"అదిగో, మళ్ళీ. ఏం చేశానంటుంది. జెల్లనడుగు, వాడు చెప్తాడు."

జెల్ల నోటినిండా రొట్టెతో అన్నాడు, "నాకు ఊరికే పెట్టలేదేం? నేను తడిసినట్టు లెక్కలోకి రాదా?"

"నువ్వు పుట్టిందే తడిసి. నీకెందుకు పెట్టాలి?"

అందరూ నవ్వారు. అప్పుడే అరెలీస్ వచ్చింది. నవ్వు ఆగింది. ఆమె వరసలో నిలబడితే ముందున్న ఆడమనిషి ఒక అడుగు ముందుకు జరిగింది, అంటకూడదన్నట్టు.

"పిల్లనెవరి దగ్గర వదిలావు ఇవాళ?" అంది దాల్గీస్, మూకుట్లోకి చూస్తూనే. "వీధికి అప్పగించావా, వాగుకా?"

"ఇంట్లోనే ఉంది. నేనూ పనికి పోలేదు" అంది అరెలీస్. తర్వాత ఉబల్దీనా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "సెన్యో, పాప ఒక మాట అంటోంది. మెట్టు మీద కూర్చుంటే మీరు మలుపు దగ్గర నుంచి చూశారట. చూసి వెళ్ళిపోయారట."

వరసలో ఎవరో నాలుక చప్పరించారు. "చూశారా, కాపాడినదాని మీదికే నెడుతోంది."

"నేనేం నెట్టడం లేదు. అడుగుతున్నాను."

అందరూ ఉబల్దీనాను చూశారు. చేతిలో రొట్టె వేడిగా ఉంది. కింద పెట్టడానికి చోటు లేదు.

"పాప బెదిరిపోయి ఉందమ్మా" అంది. "ఏదో అనుకుని ఉంటుంది."

అరెలీస్ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. దాల్గీస్ ఆమె వెనకాల నూనెలో ఒక ఉండ వేసింది. ఉబల్దీనా ఆ రొట్టె తినలేదు. గ్రంథాలయం దాకా మోసుకెళ్ళి కుక్కకు వేసింది.

రెండు రోజులు గడిచాయి. పాప మోచేతులకు కట్టు కట్టిన ఆరోగ్య కేంద్రం వాళ్ళు పిల్లల బాగోగులు చూసే ఆఫీసుకు కబురు పంపారు. అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది. మంచి మనిషే. చెప్పులకు బురద అంటితే గుమ్మంలోనే విప్పి లోపలికి వచ్చింది. దోన్ రెగులో ఆమెను నేరుగా గోడ దగ్గరికి తీసుకెళ్ళి నీలి అక్షరాలు చూపించాడు.

"మా నియమం స్పష్టంగా ఉంది. తల్లులు పాటించరు. మా ఉబా ఆ రోజు ప్రతి పిల్లనూ క్షేమంగా ఇంటికి పంపింది. ఆ పిల్ల తిరిగి వచ్చి కూర్చుంటే ఎవరేం చేస్తారు? మళ్ళీ కాపాడింది కూడా ఈవిడే. అవునా ఉబా?"

ఆఫీసావిడ ఉబల్దీనా వైపు తిరిగింది. "తాళం వేశాక మీకు పాప కనిపించలేదు కదా?"

ఉబల్దీనా తల ఊపింది. ఊపినదాన్ని ఎటైనా అనుకోవచ్చు. వాళ్ళు తమకు కావలసినట్టు అనుకున్నారు.

"ఇలాంటివి నేను ఒక్కరి మాట మీద రాయను" అంది ఆఫీసావిడ. "రేపు పొద్దున ఆ సందుకు వస్తాను. ముందు ఇరుగుపొరుగును అడుగుతాను, ఆ తర్వాతే ఇంట్లోకి వెళ్తాను. తల్లి అశ్రద్ధ చేస్తోందని అందరూ అంటే పాపను కొన్నాళ్ళు వేరే ఇంట్లో పెట్టాల్సి ఉంటుంది."

"కొన్నాళ్ళంటే?" అంది ఉబల్దీనా.

"అది చెప్పలేం."

ఆ సాయంత్రం గ్రంథాలయం మూశాక ఉబల్దీనా వెనక సందులోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఒక జామపండు చేతిగుడ్డలో కట్టుకుని వెళ్ళింది. మర్యూరిస్ గుమ్మం ముందు చిన్న పీట మీద కూర్చుని ఉంది. రెండు మోచేతులకూ తెల్లటి కట్లు. ఉబల్దీనాను చూడగానే లేచి, ఎప్పటిలాగే ముఖం పైకెత్తింది.

ఉబల్దీనా బొటనవేలు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పాప అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఇక ఏమీ తగలకపోతే కళ్ళు తెరిచింది.

"సెన్యో, నేను కదల్లేదు" అంది. మెప్పుకోసం చెప్పినట్టు చెప్పింది. "అమ్మ చెప్పిందని అస్సలు కదల్లేదు. నీళ్ళొచ్చినా కదల్లేదు. మీరు చూశారు కదా."

ఉబల్దీనా తలుపు వైపు చూసింది. లోపల చీకట్లో అరెలీస్ నిలబడి ఉంది. పాప బట్టలు మడత పెడుతోంది. చిన్న సంచీలో పెడుతోంది. పాపను తీసుకెళితే చేతికి ఇవ్వడానికి.

"చూశాను" అంది ఉబల్దీనా. పాపకు మాత్రమే వినిపించింది.

అరెలీస్ గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు సెన్యో అనలేదు.

"వెళ్ళు ఉబల్దీనా. పిల్లకు అన్నం పెట్టాలి."

"అరెలీస్, నేను..."

"నీ మాటంటే ఈ సందంతా తల ఊపుతుంది. నా మాటకు నవ్వుతారు. నాతో చెప్పి ఏం లాభం? నాకు తెలుసు. నా కూతురికి తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పేదేమైనా ఉంటే చెప్పుకో."

తలుపు మూసింది. గట్టిగా వెయ్యలేదు. జామపండు ఉబల్దీనా చేతిలోనే ఉండిపోయింది. పీట మీద పెట్టి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఇద్దరు తల్లులు పలకరించారు. మా పిల్లను ఇంకెక్కడా వదలం సెన్యో, మీ దగ్గరే, అన్నారు. ఆమె వాళ్ళ ముఖాలు చూడకుండా, ఆ మంచిది, అంది. నిజం చెబితే ఆ పిలుపు పోతుంది. ఆ గదీ పోతుంది. దోన్ రెగులో మాట అబద్ధమైతే ఆయన ఆమెను ఉండనివ్వడు. మళ్ళీ ఎవరింట్లోనో పొయ్యి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున ఉబల్దీనా గ్రంథాలయానికి వెళ్ళలేదు. సందు మొదట్లో వరసలో నిలబడింది. దాల్గీస్ పిలిచినా ముందుకు రాలేదు. ఒక్కొక్కరే తీసుకుని అక్కడే నిలబడి తింటున్నారు. జెల్ల ఉన్నాడు. వసారాలో ఆ రోజు తలదాచుకున్నవాళ్ళలో ఇద్దరున్నారు. తన వంతు వచ్చింది.

"ఎన్ని పెట్టను?"

"ఏమీ వద్దు. ఒక మాట చెప్పాలి" అంది. "తాళం వేశాక మలుపు దగ్గర నుంచి చూశాను. పాప మెట్టు మీద ఉంది. చూసి ఇంటికి వెళ్ళిపోయాను. అరెలీస్ వచ్చి అడిగితే పంపించానన్నాను. పక్కింటి పిల్లలతో వెళ్ళడం చూశానన్నాను. ఆమె వంతెన చుట్టూ తిరగడం నా వల్లే. పాప చెప్పింది నిజం."

జెల్ల తినడం ఆపాడు.

దాల్గీస్ గరిటె మూకుడు అంచున ఆనించింది. "ఇది మాకెందుకు చెప్తావే ఉబా? చెప్పుకుంటే ఆ ఆఫీసావిడకు చెప్పుకో, లేదా చర్చి ఫాదరుకు చెప్పుకో. మా రొట్టెల దగ్గర ఎందుకు?"

"ఆవిడ ముందు మిమ్మల్నే అడుగుతుంది."

వసారాలో ఉన్న ఇద్దరిలో ఒకామె, వీళ్ళు కని వదిలేస్తారు అన్నామె, రొట్టె కాగితంలో చుట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది. ఉబల్దీనా వెనక ఉన్న మనిషి ఒక అడుగు ముందుకు జరిగి ఆమె చోటు తీసుకున్నాడు. తనకో రెండు పెట్టమన్నాడు, చిన్న గొంతుతో.

బురద తప్పించుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసావిడ వస్తోంది. వరసలో ఉన్నవాళ్ళు ఆమెను చూశారు, తర్వాత ఉబల్దీనాను చూశారు. ఉబల్దీనా చేతులు గౌనుకు తుడుచుకుని, ఆవిడ వాళ్ళ దాకా రాకముందే, ఎదురు నడిచింది.